సీసపు సిపాయిల సేనాని హెచ్.జి.వెల్స్

హెచ్.జి.వెల్స్ అనగానే మన చదువరులకు కాలయంత్రం, అదృశ్య మానవుడు, అంగారక గ్రహవాసులు భూమిపైకి దండెత్తి రావడం వంటివి స్ఫురిస్తాయి. పాఠ్యపుస్తకాలలోనూ సినిమాలలోనూ మనకు పరిచయమైన వెల్స్ ఆయనే. అయితే ఆ మహారచయిత నలభయ్యవ పడి దాటిన తరువాత కూడా నేలమీద మోకాళ్లతో పాకుతూ, సీసపు సిపాయి బొమ్మలను బారులు తీర్చి, బొమ్మ ఫిరంగితో వాటిని పడగొడుతూ గంటల తరబడి గడిపేవారన్న సంగతి తెలిసినవారు తక్కువ. ఆడుకోవడంతో ఆగక ఆ ఆటకు నియమావళి వ్రాసి, 1913లో 'లిటిల్ వార్స్' అనే పేరుతో పుస్తకంగా వెలువరించారు. బొమ్మలకు రంగులు వేసుకుని, బల్లపై కొండలూ వాగులూ పేర్చుకుని ఆడే నేటి యుద్ధక్రీడకు మూలపురుషుడెవరని అడిగితే ఆటగాళ్లు ముందుగా చెప్పేది ఆయన పేరే.

ఆ పుస్తకం వచ్చిన మరుసటి ఏడే మొదటి ప్రపంచయుద్ధం విరుచుకుపడింది. యుద్ధం కూడదని నమ్మిన మనిషి యుద్ధాన్ని ఆటగా ఎందుకు ఆడారు? తీరా నిజమైన యుద్ధం వచ్చినప్పుడు ఏమి చేశారు? విరామ సమయంలో కర్రముక్కలను తుపాకులుగా పట్టుకుని పరుగెత్తే పిల్లలను రోజూ చూసే ఉపాధ్యాయుడిగా ఈ ప్రశ్నలు నన్ను విడిచిపెట్టవు. వెల్స్ జీవితాన్ని నేను ఈ వైపు నుంచే చూస్తున్నాను.

హెర్బర్ట్ జార్జి వెల్స్ 1866 సెప్టెంబరు 21న ఇంగ్లండులోని కెంట్ ప్రాంతపు బ్రామ్లీ పట్టణంలో జన్మించారు. తండ్రి జోసెఫ్ పింగాణి పాత్రలూ క్రికెట్ సామాగ్రీ అమ్మే చిన్న దుకాణదారు. క్రికెట్ ఆటగాడు కూడా. 1862లో కెంట్ జట్టు తరఫున ససెక్స్‌పై ఆడుతూ వరుసగా నాలుగు బంతులలో నాలుగు వికెట్లు తీసిన ఘనత ఆయనది. ఆ ఘనత దుకాణాన్ని నిలబెట్టలేదు. తల్లి సారా పెద్దింటి దాసిగా పనిచేసిన స్త్రీ. కుటుంబం చితికిపోయాక ఆమె మళ్లీ అదే కొలువుకు, అప్‌పార్క్ అనే జమీందారీ భవనంలో ఇంటి నిర్వాహకురాలిగా వెళ్లవలసి వచ్చింది.

1874లో బాలుడైన వెల్స్‌కు కాలు విరిగింది. మంచం మీద ఉన్న నెలలలో తండ్రి గ్రంథాలయం నుంచి తెచ్చి ఇచ్చిన పుస్తకాలే అతడి దారిని మార్చాయి. ఆ విరిగిన కాలే తన అదృష్టమని తరువాత ఆయన స్వయంగా తలచుకున్నారు.

బ్రామ్లీలో మార్టిన్స్ హిల్ అనే మిట్ట ఉంది. పదమూడేళ్ల వెల్స్ ఆ మిట్టమీద ఒంటరిగా తిరుగుతూ మనసులోనే మహాయుద్ధాలు నడిపేవాడు. ఇక్కడ ఫిరంగులు, అక్కడ అశ్వికదళం, ఆ చెట్ల వెనుక పొంచి ఉన్న పటాలం. చివరకు విజయం, జనం జేజేలు. దారిన పోయే వారికి ఒక బక్కపలచని దుకాణదారు కొడుకు మాత్రమే కనిపించేవాడు. ఈ పగటికలలను 1934లో వెలువడిన ఆత్మకథలో ఆయన సిగ్గుపడకుండా ఒప్పుకున్నారు. అప్పటికి జర్మనీలో హిట్లర్ అధికారానికి వచ్చి ఏడాది దాటింది. తన పదమూడేళ్ల వయసు నాటి పగటికల ఒకటి ప్రాణం పోసుకుని గద్దె ఎక్కినట్లు హిట్లర్ తనకు కనిపిస్తున్నాడని ఆయన అందులో వ్రాశారు. వెల్స్ వ్రాసిన వేల పుటలలో ఇంతటి నిజాయితీ గల పుట మరొకటి లేదని నా అభిప్రాయం.

చదువు మధ్యలో ఆగిపోయింది. బట్టల దుకాణంలో శిక్షణ పనివాడిగా సౌత్‌సీ పట్టణంలో రోజుకు పదమూడు గంటలు నిలబడ్డారు. అది భరించలేక బయటపడి, బడిలో సహాయ బోధకుడిగా చేరి, 1884లో ఉపకారవేతనంతో లండనులోని నార్మల్ స్కూల్ ఆఫ్ సైన్స్‌లో ప్రవేశించి, టి.హెచ్.హక్స్లీ వద్ద జీవశాస్త్రం చదివారు. 1887లో వేల్స్‌లోని ఒక బడిలో పాఠాలు చెబుతుండగా ఫుట్‌బాల్ మైదానంలో ఒక విద్యార్థి తాకిడికి మూత్రపిండం దెబ్బతిన్నది. రక్తం కక్కుకుని చాలాకాలం మంచం పట్టారు. ఉపాధ్యాయ శిక్షణ డిప్లొమా సంపాదించి, మళ్లీ పాఠాలు చెప్పి, 1893లో జీవశాస్త్ర పాఠ్యగ్రంథం వ్రాశారు. పాఠం చెప్పలేని ఆరోగ్యం ఆయనను కలం వైపు నెట్టింది. 1895లో 'ది టైమ్ మెషీన్', 1898లో 'ది వార్ ఆఫ్ ది వరల్డ్స్' రావడంతో దారిద్ర్యం తీరింది.

1895లోనే ఏమీ కాథరీన్ రాబిన్స్‌ను వివాహమాడారు. ఆయన ఆమెను జేన్ అని పిలిచేవారు. అది ఆయనకు రెండవ పెళ్లి. ఇతర స్త్రీలతో ఆయన సంబంధాలు ఆ ఇల్లాలికి కలిగించిన క్షోభ చిన్నది కాదు; దానిని దాచి ఆయనను మహాత్ముడిగా చూపడం తగదు. సముద్రతీరాన శాండ్‌గేట్‌లో స్పేడ్ హౌస్ అనే ఇల్లు కట్టుకున్నారు. 1901లో జార్జి ఫిలిప్, 1903లో ఫ్రాంక్ జన్మించారు. పెద్దవాడిని ఇంట్లో జిప్ అనేవారు. మన కథలోని ఆట ఈ ఇద్దరు పిల్లలతోనే మొదలవుతుంది.

1911లో వచ్చిన 'ఫ్లోర్ గేమ్స్' ఆ ఇంటి ఆటగదికి వర్ణన. గచ్చుపై పరచిన పరుపు సముద్రం. దానిపై వేసిన చెక్క పలకలు ద్వీపాలు. పలకల కొలతలు వేరువేరు. ఈ రోజు ఒకచోట చేర్చితే ఖండం, రేపు విడదీస్తే ద్వీపసమూహం. నాలుగున్నర అంగుళాల పొడవు, రెండుంబావు అంగుళాల వెడల్పు గల చెక్క ఇటుకలు, వాటిలో సగం, పావు ముక్కలు; వీటితో కోటలు, గుడులు, రేవులు. పిల్లలు ఆ ద్వీపాలకు అధిపతులు, పట్టణాలకు మేయర్లు. మన ఇళ్లలో బొమ్మల కొలువు పెట్టినప్పుడు ఇసుకలో ఆవాలు మొలిపించి పచ్చిక చేసి, అద్దం ముక్కతో చెరువు చూపే పిల్లలకు ఈ సంబరం వేరే చెప్పనక్కరలేదు. బొమ్మల అంగళ్లలో ఎటుచూసినా సిపాయిలే తప్ప సాధారణ పౌరుల బొమ్మలు దొరకవని వెల్స్ ఆ పుస్తకంలో గట్టిగా ఫిర్యాదు చేశారు. పోస్టుమాను, రైతు, దుకాణదారు కావలసిన చోట సిపాయినే అలా అనుకుని సర్దుకోవలసి వచ్చేది. ఈ ఫిర్యాదును గుర్తుంచుకోవాలి.

ఆ సిపాయిలు ఎక్కడి నుంచి వచ్చారు? అంతకుముందు మంచి సీసపు బొమ్మలు ఎక్కువగా జర్మనీ నుంచి వచ్చేవి. 1893లో లండనులోని బ్రిటన్స్ సంస్థ ఒక కొత్త పద్ధతి కనిపెట్టింది. కరిగించిన సీసపు లోహాన్ని అచ్చులో పోసి, అచ్చు గోడలకు అంటిన పొర గట్టిపడగానే మిగిలిన ద్రవాన్ని బయటకు ఒంపేస్తారు. లోపల డొల్ల, లోహం ఆదా, ధర తక్కువ. రెండంగుళాల పైచిలుకు ఎత్తు గల ఆ బొమ్మలకు ఒక్కొక్కదానికీ చేతితోనే రంగులు వేసేవారు. ఆంగ్ల పటాలాలతోబాటు భారతీయ అశ్వికుల బొమ్మలూ ఉండేవి. సామ్రాజ్యమంతా ఒక అట్టపెట్టెలో అన్నమాట. చర్చిల్ బాల్యంలో, అంటే ఈ డొల్ల బొమ్మలకు ముందే, దాదాపు పదిహేనువందల సిపాయి బొమ్మలను బారులు తీర్చి ఆడుకునేవాడట. అది చూసిన తండ్రి అతడిని సైన్యానికే పంపాడు. ఒకే ఆట ఇద్దరిని రెండు దారులకు తీసుకుపోయింది.

వెల్స్‌కు యుద్ధక్రీడ పట్టుబడడానికి కారణం ఒక బొమ్మ ఫిరంగి. స్ప్రింగు బలంతో అంగుళం పొడవు గల చెక్కముక్కను విసిరే ఆ ఫిరంగి తొమ్మిది గజాల దూరంలోని బొమ్మను దాదాపు గురి తప్పకుండా పడగొట్టగలదు. ఒకనాడు భోజనానంతరం ఆయన మిత్రుడు, హాస్యరచయిత జెరోమ్ కె.జెరోమ్ చిన్న బల్లమీద ఉన్న ఫిరంగి పక్కన కూర్చుని, ఒక సిపాయిని గురిచూసి కొట్టాడు. అంతే, పెద్దలందరూ పందెం వేసుకుని మొదలుపెట్టారు. తొలినాళ్లలో విజ్ఞానసర్వస్వపు లావుపాటి సంపుటాలే కొండలు, కోటలు.

అయితే గురిచూసి కొట్టడం ఒక్కటే ఆట కాదు. వెల్స్ ఒక్కొక్క చిక్కునూ విప్పుతూ నియమాలు కట్టారు. పదాతి ఒక వంతుకు ఒక అడుగు కదలాలి. అశ్వికుడు రెండు అడుగులు. ఫిరంగికి ఆరు అంగుళాల లోపు నలుగురు సిపాయిలు లేకపోతే అది పేలదు, కదలదు. పేల్చితే ఆ వంతులో కదలరాదు. ఆలోచిస్తూ కూర్చుంటే ఆట సాగదు గనుక గడియారం పెట్టారు. ముప్పైమంది సిపాయిలకు ఒక నిమిషం, ఒక్కో ఫిరంగికి మరో నిమిషం. ఇరుపక్షాలు ముఖాముఖి తలపడితే సమాన సంఖ్యలో కూలాలి. ఎక్కువ బలం గల పక్షం మిగిలినవారిని బందీలుగా పట్టుకోవచ్చు. రణభూమిని ఒకరు పేరిస్తే, ఏ వైపు ఉండాలో రెండవవారు ఎంచుకోవాలి. అప్పుడు పేర్చేవాడు పక్షపాతం చూపలేడు. బలగాలను మోహరించేటప్పుడు మధ్యలో తెర కట్టాలి. వీటిని చదువుతుంటే మంచి లెక్కల మాస్టారు తరగతి గదికి కట్టుబాట్లు వేసినట్లు ఉంటుంది.

రణభూమి నిర్మాణంలో ఆయన చూపిన శ్రద్ధ ఇంకా ముచ్చటైనది. పుస్తకాల కొండలు పోయి, ఇటుకలపై పలకలు నిలిపి మిట్టలు చేశారు. పలకలకు బెజ్జాలు తొలిచి, తోటలో విరిచిన రెమ్మలు గుచ్చి అడవులు చేశారు. నది సుద్దముక్కతో గీసిన గీత. అట్టతో ఇళ్లు చేసి, కిటికీలు, గోడమీద పాకే తీగలు రంగులతో చిత్రించారు. సిపాయి ఇంటిలోపల ఉన్నాడా బయట ఉన్నాడా అన్న తగాదా రాకుండా ఇంటి డొల్లలో చెక్కదిమ్మలు కుక్కారు. ఇదంతా విడదీసి, మరునాడు మరో దేశంగా పేర్చుకోవచ్చు. పుస్తకంలోని ఛాయాచిత్రాలు తీసింది జేన్. నేలమీద పాకే భర్తను, మిత్రులను, పిల్లలను చిత్రించిన ఆమె మాత్రం ఆ యుద్ధాలలో ఎక్కడా కనిపించదు.

నిజానికి విడిభాగాల రణభూమి వెల్స్‌తో పుట్టినది కాదు. 1812లో ప్రష్యా రాజు మూడవ ఫ్రెడరిక్ విలియమ్‌కు రైస్‌విట్జ్ అనే ఉద్యోగి ఒక బల్లను సమర్పించాడు. దానిపై కొండలు, నదులు మలచిన పలకలను ఎటైనా మార్చి పేర్చవచ్చు. ఆయన కుమారుడు 1824లో దానిని పటాలపై ఆడే సైనిక శిక్షణగా తీర్చిదిద్దాడు. ప్రష్యా సైనికాధికారులకు అది పాఠమైంది. రచయిత స్టీవెన్సన్ సైతం 1880 దశకపు తొలినాళ్లలో స్విట్జర్లాండులోని డావోస్‌లో సవతి కొడుకుతో సీసపు సిపాయిలతో ఇలాంటి ఆట ఆడాడు. వెల్స్ విశిష్టత ఏమిటంటే, సైనికాధికారుల చేతిలోని దానిని ఇంటి నేలమీదికి దించి, ఎవరైనా చదివి ఆడుకునేటట్లు వ్రాసి ఇవ్వడం.

ఆ వ్రాతకు ఫలం చాలాకాలానికి గాని కనబడలేదు. నటుడు పీటర్ కుషింగ్ 'లిటిల్ వార్స్' నియమాలతో ఆడుతుండగా 1956లో వార్తాచిత్రం తీశారు. 1974లో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఆటను సృష్టించిన ఇద్దరిలో ఒకరైన గేరీ గైగాక్స్, 2004లో వెలువడిన 'లిటిల్ వార్స్' పునర్ముద్రణకు ముందుమాట వ్రాశారు. నేటి ఆటగాళ్లు సీసం విడిచి ప్లాస్టిక్‌కూ రెసిన్‌కూ మారారు. అంగుళం పైచిలుకు బొమ్మకు ముందు పూతరంగు పట్టించి, పైన అసలు రంగులు వేసి, పలుచని ముదురు రంగును పారించి మడతలలోకి నింపుతారు; ఆరిన తరువాత దాదాపు పొడిగా ఉన్న కుంచెతో అంచులను లేతరంగుతో తడుముతారు. అప్పుడు ఆ ముఖంలో ఎముక, ఆ అంగీలో ముడత లేచి వస్తాయి. నేలను చదరపు నురుగు పలకలుగా కోసి, ఇసుక అతికించి, పచ్చిక చల్లుతారు. ప్రతి పలకలోనూ బాట అంచు నడిమధ్యనే ముగియాలి. అప్పుడు ఏ పలకను ఎటు తిప్పినా బాట కలుస్తుంది. వెల్స్ ఫిరంగి ఒక్కటే ఈ బల్లలమీద కనిపించదు. వారాల తరబడి కూర్చుని రంగులు వేసిన బొమ్మను చెక్కముక్కతో కొట్టడానికి ఎవరికి చేతులొస్తాయి? దెబ్బ తగిలిందో లేదో పాచికలు తేల్చుతాయి.

మళ్లీ 1913కు వస్తాను. 'లిటిల్ వార్స్' చివరి పుటలలో వెల్స్ ఆటను ఆపి, సూటిగా తన మాట చెబుతారు. ఈ చిన్న యుద్ధంలో పగిలిన శరీరాలు లేవు, కాలిన ఇళ్లు లేవు. సీసపు సిపాయిలను నడపడంలోనే మనం ఇన్ని తప్పులు చేస్తున్నాం. అలాంటప్పుడు నిజమైన మహాయుద్ధాన్ని నడపగల తెలివి ఏ సేనానికి ఉంటుంది? యుద్ధోన్మాదులను, గొప్పలు చెప్పుకునే దేశభక్తులను ఒక గదిలో పెట్టి, వారికి కావలసినన్ని బొమ్మలు ఇచ్చి తలుపు వేయాలని ఆయన కోరిక. హుక్స్ ఫార్మ్ యుద్ధమని తాను ఆడిన ఒక ఆటను గొప్పలు పోయే సేనాని స్మృతుల ధోరణిలో వర్ణించి వారిని వెక్కిరించారు కూడా. మార్టిన్స్ హిల్ మీది బాలుడిని ఆయన పూర్తిగా చంపలేదు. ఆటగదిలో అతడికి చోటిచ్చి అక్కడే ఉండమన్నారు.

భవిష్యత్తులోని యుద్ధం ఎలా ఉంటుందో ఆయనకు తెలియనిదీ కాదు. 1903లో ఒక కథలో ఉక్కుకవచపు యుద్ధశకటాలను ఊహించారు. టాంకుల ఊహలో వెల్స్ తమకంటే ముందున్నారని చర్చిల్ తరువాత అంగీకరించారు. 1908లో 'ది వార్ ఇన్ ది ఎయిర్'లో విమానాలు నగరాలను కాల్చడం చూపారు. 1914లో వెలువడిన 'ది వరల్డ్ సెట్ ఫ్రీ'లో అణుబాంబు అనే మాటనే వాడారు.

ఇంత తెలిసిన మనిషి 1914 ఆగస్టులో యుద్ధం ప్రకటించగానే దానిని సమర్థించారు. జర్మను సైనికవాదాన్ని అణచే ఈ పోరు యుద్ధాలన్నిటికీ ముగింపు పలుకుతుందని పత్రికలలో వరుసగా వ్రాసి, అదే భావం పేరుగా పుస్తకం వేశారు. జిప్‌కు అప్పుడు పదమూడు, ఫ్రాంక్‌కు పది. వారికి పోరుకు వెళ్లే వయసు లేదు. కాని బ్రిటన్స్ సిపాయిలతో ఆడుకుంటూ పెరిగిన తొలి తరం బాలురకు ఇరవయ్యేళ్లు దాటాయి. వారు నిజమైన కందకాలలోకి దిగారు. ఆటలో తలుపు వేసి ఉంచిన బాలుడు ఆ నెలలో వెల్స్ చేయిజారి బయటకు వచ్చాడని నేననుకుంటాను. యుద్ధకాలం నుంచి ఆయన ఆ ఆటను మానుకున్నారు. 1914 వరకే అందులో తనకు ఉత్సాహం ఉండేదని ఆత్మకథలో వ్రాసుకున్నారు.

రెండేళ్లలో ఆ ఆవేశం దిగింది. 1916లో వచ్చిన 'మిస్టర్ బ్రిట్లింగ్ సీస్ ఇట్ త్రూ' నవలలో కథానాయకుడు యుద్ధంలో కొడుకును పోగొట్టుకుంటాడు. అతడి ఇంట ఉండి వెళ్లిన జర్మను యువకుడూ అవతలి పక్షాన చనిపోతాడు. ఆ యువకుడి తల్లిదండ్రులకు ఉత్తరం వ్రాయడానికి బ్రిట్లింగ్ కుస్తీ పడుతుండగా నవల ముగుస్తుంది. ఆ ఏడే వెల్స్ ఇటలీ, ఫ్రాన్సు రణరంగాలను చూసి వచ్చారు. 1918లో కొంతకాలం ప్రభుత్వ ప్రచారశాఖలో పనిచేసి, విసిగి బయటపడ్డారు. నానాజాతి సమితి కోసం వాదించారు. అది బలహీనంగా పుట్టినప్పుడు తీవ్రంగా నిరాశ చెందారు.

సేనానుల గొప్పలే చరిత్రగా చదవడం వల్ల పిల్లలు యుద్ధానికి సిద్ధమవుతున్నారని భావించి, 1920లో 'ది ఔట్‌లైన్ ఆఫ్ హిస్టరీ' అనే ప్రపంచ చరిత్రను వ్రాశారు. నెహ్రూ తన కుమార్తెకు జైలు నుంచి ప్రపంచ చరిత్ర లేఖలు వ్రాసేటప్పుడు ఈ గ్రంథాన్ని ఉపయోగించుకున్నారు. అందులో అశోకుడికి వెల్స్ ఇచ్చిన స్థానం అలెగ్జాండరుకు గాని, నెపోలియనుకు గాని ఇవ్వలేదు. గెలిచిన తరువాత యుద్ధాన్ని విడిచిపెట్టిన రాజు అన్నదే కారణం. ఇది మా గంజాం జిల్లావాసులకు దూరపు మాట కాదు. ఋషికుల్యా తీరాన జౌగడ కొండమీద అశోకుని శాసనాలున్నాయి. అయితే కళింగ యుద్ధంలో చనిపోయినవారిని తలచి దుఃఖించిన పదమూడవ శాసనం ఇక్కడ చెక్కలేదు; ధౌలిలోనూ లేదు. దానిని చూడాలంటే కర్నూలు జిల్లా ఎర్రగుడికి పోవాలి. ఓడిన దేశంలో ఆ పశ్చాత్తాపాన్ని ఎందుకు చెక్కించలేదని జౌగడలో ఒకసారి ఆరవ తరగతి పిల్లవాడు నన్ను ఒడియాలో అడిగాడు. తెలుగులో ఆలోచించి చూశాను, ఒడియాలో ఆలోచించి చూశాను. సరైన జవాబు దొరకలేదు.

తరువాతి సంవత్సరాలు ఆశాభంగాల వరుస. 1920లో లెనిన్‌ను, 1934లో స్టాలిన్‌ను కలిశారు. జేన్ 1927లో మరణించింది. ప్రపంచమంతటికీ ఒకే ప్రభుత్వం ఉండాలని వ్రాస్తూనే ఉన్నారు, వినేవారు తగ్గుతూ వచ్చారు. రెండవ ప్రపంచయుద్ధంలో లండనుపై బాంబులు కురుస్తున్నప్పుడు రీజెంట్స్ పార్కు దగ్గరి ఇంటిని విడిచి పోవడానికి నిరాకరించారు. ఆ రోజులలోనే, 1940లో, మానవ హక్కుల ప్రకటన కోసం పాటుపడ్డారు. ఆయన ఊహించిన అణుబాంబు కూడా ఊహగా మిగలలేదు. 1932లో ఆ నవల చదివిన శాస్త్రజ్ఞుడు లియో జిలార్డ్ మరుసటి ఏడు పరమాణు గొలుసు చర్య ఆలోచనకు వచ్చారు. 1945 ఆగస్టులో హిరోషిమా వార్త వచ్చేనాటికి వెల్స్ జబ్బుతో ఉన్నారు.

1946 ఆగస్టు 13న ఆ ఇంటిలోనే కన్నుమూశారు. జిప్ అప్పటికి పేరున్న జంతుశాస్త్రవేత్త. తండ్రితోనూ జూలియన్ హక్స్లీతోనూ కలిసి జీవశాస్త్రంపై పెద్ద గ్రంథం వ్రాసినవాడు. ఒకప్పుడు ఆటగది నేలమీది ద్వీపాలను తమ్ముడితో పంచుకుని ఏలిన ఆ పెద్ద కొడుకు, రచయిత్రి రెబెక్కా వెస్ట్ వల్ల కలిగిన మరో కుమారుడు ఆంథొనీతో కలిసి పడవలో వెళ్లి, తండ్రి చితాభస్మాన్ని ఇంగ్లిష్ చానల్ నీటిలో కలిపాడు.